నాయనమ్మ రొట్టెల మూట

రజాకార్లు ఊరి మీద పడ్డప్పుడు, చిన్నపిల్లగా అడవిలోకి పరుగెత్తిన మా నాయనమ్మ ఇప్పటికీ జొన్నరొట్టెల మూట ఒళ్లో పెట్టుకునే కూర్చుంటుంది. మనసు బాధలకు సలహా ఇచ్చే ఇద్దరు కౌన్సిలర్లు "మీ భయం ఏమిటి?" అని అడిగితే, మూటను ఇంకా గట్టిగా పట్టుకుంది. ఈ రోజు జనగామలో మూడో కౌన్సిలర్ దగ్గరికి తీసుకెళ్లాను. మా వైపు గూడూరు అమ్మాయట. కుర్చీ వదిలి నాయనమ్మ పక్కన చాప మీద కూర్చుంది.

"అవ్వా, నాకో రొట్టె ఇస్తవా?"

"ఉరికేటప్పుడు తినేటియి బిడ్డా గివి."

"మరి ఇయ్యాల ఉరుకుదమా, కూసుందమా?"

నాయనమ్మ కిటికీలోని ఎండను చూసింది. తర్వాత మెల్లగా ముడి విప్పింది.

"జర కూసుందం."

ఒక రొట్టెతో అంత పాత భయం పోతుందా అని నాకింకా అనుమానమే. కానీ అప్పుడే చూసుకున్నాను, వచ్చినప్పటి నుంచీ నా బ్యాగు భుజం మీదే ఉంది. మీరు దేన్ని పట్టుకుని కూర్చున్నారు?