కుప్పల కలిసిన చొక్కా

నాలుగు దినాల సంది ముసురు ఇడుస్తలేదు. మా తర్లగూడల ఇట్ల ముసురు పట్టిందంటే బండ్లు తిరగవు, బట్టలు ఆరవు, మనుషులకు పని తోచదు. పొద్దుగాల మా తమ్ముని బిడ్డను పిలిచి సూదిల దారం ఎక్కిచ్చియ్యమన్న. నాకు సూది కనపడ్తది గని దాని బెజ్జం కనపడది. అది ఒక్క తాపకే ఎక్కిచ్చి, నా ఒడిల ఉన్న బొంతను ఇటు తిప్పి అటు తిప్పి, "అత్తా, ఇంత వరుసగ కుట్టుడు ఎవ్వరు నేర్పిండ్రే నీకు?" అన్నది. నాకు సంతకం పెట్టుడు తప్ప రాసుడు రాదు. చెప్త, రాసుకో అన్న. రాస్తున్నది.

నేను కిరందుల్ల ఉన్నప్పటి మాట. మా ఆయనకు కొండ మీద ఇనుపరాయి గనిల పని. కింద లైను క్వార్టర్లు, పైన గని, నడుమ మబ్బు. వానకాలం వచ్చిందంటే పొద్దుగాల డ్యూటీకి పోయిన మనిషి పది అడుగులు ఎక్కంగనే మబ్బుల కలిసిపోయేటోడు. అక్కడ ఏది చూసినా ఎరుపే. చూరు నీళ్ళు ఎరుపు, కోడిపిల్లల కాళ్ళు ఎరుపు. మా అత్త మొదటిసారి వచ్చినప్పుడు తీగ మీద ఆరేసిన తెల్ల ధోవతి సాయంత్రానికి తాంబూలం ఉమ్మినట్టయితే, "ఈ ఊర్ల సబ్బులు అమ్మేటోడు మేడలు కట్టి ఉంటడు" అన్నది. కంపెనీ ఇచ్చిన ఖాకీ చొక్కాలైతే ఇంక చెప్పొద్దు. ఎంత బండకేసి బాదినా కుట్లల్ల ఎర్రమన్ను అట్లనే ఉంటది. లైను మొత్తం అన్ని ఇండ్ల తీగెల మీద అవే చొక్కాలు, అదే రంగు, అదే మరక. ఏ ఇంటి మగోడిది ఏ చొక్కానో ఆ ఇంటి ఆడిదానికే ఎరుక.

ఎండాకాలం పోయే ముందట ఆయనకు పచ్చకామెర్లు అయినయి. ఆకుమందు తాగిచ్చినం, దవఖానకు తీస్కపోయినం. ఇరవై దినాలు కాలే, పోయిండు. దినాలు అయినంక మా అత్త ఆయన బట్టలన్ని మూట కట్టి చాకలికి ఇచ్చేసింది. పోయినోళ్ళ బట్ట ఇంట్ల ఉంచొద్దంటరు కదా. కాని ఒక ఖాకీ చొక్కా పెరట్ల తీగె మీద ఉండిపోయింది. అత్త చూడలే. నేను చూసిన, చెప్పలే. మడతపెట్టి బియ్యం డబ్బాల దాచిన. ఎడమ చంక కింద ఒకసారి జీపు తలుపుకు తట్టుకొని చినిగితే నేనే నీలం దారంతోని అల్లిన. ఖాకీ దారం ఇంట్ల లేకపాయె. గోడ పక్క క్వార్టర్ల శ్రీకాకుళం అక్క దగ్గర నీలం ఉండల సగం తెచ్చుకున్న. మా ఇద్దరికి దారం, చింతపండు, దినపు కోపతాపాలు అన్ని ఆ గోడ మీంచే.

ఆ అక్కనే నన్ను ఇంట్లకెళ్ళి బయటికి గుంజింది. అప్పట్ల తోంగ్‌పాల్ దాటినంక అడివి అంచున ఒక పెద్ద పెంకుటిల్లు ఉండె. నర్సు పని చేసి మానేసిన ఒక ముసలమ్మ నడిపేది. అక్కడోళ్ళందరు ఆమెను దాయి అనేటోళ్ళు, అంటే అమ్మ అని. ఏటా వానలల్ల పదిదినాలు ఆడోళ్ళు అక్కడ పోయి ఉండి, ఒక్కదగ్గర వండుకొని తిని, పాతబట్టలతోని బొంతలు కుట్టేది. తలా రెండు. ఒకటి దాయి తీసుకొని చుట్టుపక్కల పిల్లల హాస్టళ్ళకు, జ్వరాలోళ్ళకు ఇచ్చేది. ఒకటి మనం ఇంటికి తెచ్చుకునేది. నేను రానన్న. "ఏటి చెల్లీ, ఇంట్లో కూకుని గోడలికేసి సూస్తే గోడలు మాటాడతాయేటి? గుడ్డల మూట కట్టు. నానూ ఒస్తన్నాను కదా" అన్నది అక్క. వానలు పోయినంక క్వార్టర్ ఖాళీ చెయ్యాలె, ఎక్కడ పోవాల్నో తెల్వదు. సరే, పదిదినాలు ఇంకో చూరు కింద ఉంటనేమో అని బయలెల్లిన. మూటల నా పాతచీరలు, వాటి నడుమ ఆయన చొక్కా. దాన్ని వేరేగ నా బొంతల తలకాడికి కుట్టుకోవాలని.

అక్కడి రివాజు ఒకటుండె. నాకు పోయినంక తెల్సింది. ఎవ్వరి బట్ట వాళ్ళు కుట్టుకోవద్దు. అందరి మూటలు నడుమిల్లుల ఒక్క కుప్పగ గుమ్మరిచ్చి, చేతికి వచ్చినది తీస్కోవాలె. తన బట్ట తన చేతిల ఉంటే ఆడిది దాన్ని చూసుకుంట కూసుంటది, సూది కదలది అని దాయి చెప్పేది. ఆమె మూడు భాషలు కలిపి మాట్లాడేది, మూడింట్ల కోపం ఒక్కతీర్గనే వినపడేది.

నేను బురద కాళ్ళు కడుక్కొని వచ్చేసరికి అక్క సాయం చేస్తున్న అనుకొని నా మూట విప్పి కుప్పల పోసింది. తప్పు ఆమెది కాదు. నేను ఎవ్వరికి చెప్పలే కదా, పోయినోని చొక్కా దాచుకున్న అని. ఏ మొఖం పెట్టుకొని చెప్త? కుప్ప చుట్టు గనుల లైన్లకెళ్ళి వచ్చినోళ్ళే ఎక్కువ. కుప్పల సగం ఖాకీనే. నేను చేతులు పెట్టి వెతుకుతాంటే, "కొత్తామెకు మంచి పట్టుచీర కావాలంట" అని ఎవ్వరో అన్నరు, అందరు నవ్విండ్రు. నేను వెతికేలోపే కత్తెర్లు, బ్లేడ్లు మొదలైనయి. ముందుగాల కుట్లన్ని పీకాలె, గుండీలు డబ్బాల వెయ్యాలె, తర్వాత జానెడు జానెడు ముక్కలు. పొద్దు గూకేలోపు చొక్కా అన్నది ఒక్కటి మిగల్లే. ముక్కలు ముక్కలుగ వందల ఖాకీ. ఒక్కొక్కటి ముక్కు కాడ పెట్టుకొని చూసిన. అన్నింటికి వాన వాసన.

ఐదు దినాలు అట్లనే కుట్టిన. బయట వాన, లోపల సూదులు. కుట్టుడు దాయి మంచిగ నేర్పింది, కాదనను. పాతచీర కింద పరిచి, మీద ముక్కలు పేర్చి, అంచుకెళ్ళి మొదలుపెట్టి వేలు సందు వరుసల నడుమకు రావాలె. నా చేయి నేర్చుకుంటనే ఉంది, నా కండ్లు పక్కోళ్ళ బొంతల మీద తిరుగుతనే ఉన్నయి. ఆరో దినం కనపడ్డది. అక్క కుట్టుడు అయిపోయి పక్కకు పెట్టిన బొంతల, నట్టనడుమ, ఖాకీ ముక్క, దాని మీద నీలం దారంతోని అల్లిక. అడుగుతే ఇచ్చేటిదే. కాని అడగాలంటే చెప్పాలె. మధ్యాహ్నం అందరు అన్నాలకు పోయినప్పుడు కడుపునొప్పి అని ఉండిపోయిన. ఆ ముక్క చుట్టు కుట్లు విప్పి తీసుకొని, ఇంకో ఖాకీ ముక్క పెట్టి, ఆమె కుట్టినట్టే వంకరగ కుట్టిన. దొంగతనానికి కూడ పనితనం కావాలె. ఆ ముక్కను నా బొంతల తలకాడ కుట్టుకున్న. మూడు దినాలు దాని మీద చెంప పెట్టుకొని పండుకున్న. ఆయన పోయినంక మొదటిసారి మంచిగ నిద్రపట్టింది. ఆ మాట అబద్ధం చెప్పను.

ఆఖరు దినం కుట్టిన బొంతలన్ని నడుమిల్లుల వరుసగ పరిచి అందరు చూసుకునేది. అక్క నా బొంత కాడికి వచ్చి ఆగింది. వంగి చూసింది. "ఒలమ్మ, మా ఆయన నా బొంతలోంచి లెగిసొచ్చి నీ తలకాడ తొంగున్నాడేటే?" అన్నది. అందరు పక్కలు పట్టుకొని నవ్విండ్రు. ఒకామె, "ఏ పూట డ్యూటీకి వచ్చిండో అడుగు" అన్నది. నేను నవ్వలే. అది మా ఆయన చొక్కా, నా అల్లిక అన్న. అప్పుడు అక్క నవ్వు ఆపి, గోరుతోని అల్లిక అంచు లేపి చూపెట్టింది. లోపల బట్ట నల్లగ కాలి ఉన్నది. "బీడీ నిప్పు పడ్డాది చెల్లీ. నానే అల్లినాను. దాయి సూడకుండా కుప్పలో ఏరుకుని నడిమిని పెట్టుకున్నాను" అన్నది మెల్లగ. మా ఆయన జన్మల బీడీ ముట్టలే. ఇద్దరం అల్లింది ఒక్క ఉండల దారంతోనే.

అక్కకు సంగతి తెల్సిపోయింది. నా చేయి పట్టుకొని, "ఉంచీసుకో" అన్నది. నోరు అన్నది గని, ఆమె ఇంకో చేయి ఆ ముక్క మీదికెళ్ళి లేవలే. ఆమె మనిషి ఆ పొద్దు కూడ కొండ ఎక్కిండు, మబ్బుల కలిసిండు. ముండమోసినదాని తలకింద అతని బట్ట ఉంటే ఆమెకు నిద్రెట్ల పడ్తది? నేను సూది తీసుకొని, ఒక్కొక్క కుట్టు నేనే విప్పి, ముక్క ఆమె చేతిల పెట్టిన. నా బొంత తలకాడ జానెడు తొర్ర. దాయి వచ్చి చూసి, "అట్ల ఉంచకు, ఎలుక మూతి పెడ్తది" అని కుప్పలకెళ్ళి ఏదో చీరముక్క తెచ్చి ఇచ్చింది.

ఆయన చొక్కా మరి ఎటు పోయింది? దాయి తీసుకున్న బొంతలల్ల పోయి ఉంటది, హాస్టళ్ళకు. అక్క మాత్రం వానలు పోయినంక క్వార్టర్ ఖాళీ చేసేటప్పుడు నా సామాన్లు బండి మీదికి ఎక్కిచ్చింది, ఏడ్చింది. గోడ మీంచి మాట్లాడినంత మళ్ళ ఎన్నడు మాట్లాడుకోలే. నేను ఇక్కడ తమ్ముని దగ్గరికి వచ్చిన. కాని ఏటా వానలు పడంగనే బస్సులు మారుకుంట ఆ పెంకుటింటికి పోయేదాన్ని. మా మరదలు, "అత్తగారింటికి కూడ ఇంత ఆశపడి పోలే నువ్వు" అని దెప్పేది. చినిగిన పాతబొంతలు మళ్ళ దాయి కాడికి బాగుకు వస్తుండె. వాటిని బాగుచేసే పని నేనే అడిగి తీసుకున్న. ఎందుకో ఎవ్వరికి చెప్పలే. ప్రతి బొంత విప్పుడు, ప్రతి ఖాకీ ముక్క తిప్పి చూసుడు, నీలం దారం ఉన్నదా అని. ఉండకపోయేది. వచ్చే యేడు చూద్దాం అనుకొని వచ్చేదాన్ని.

అట్ల ఎన్ని వానలు పోయినయో లెక్కపెట్టలే. ఒక యేడు ఒక బొంతకు అంచులన్ని కొత్తగ కట్టి, మడిచి, గంప మీద పెట్టి, చాయ తాగుకుంట కూసున్న. అప్పుడు యాదికొచ్చింది, దాంట్ల ఖాకీ ముక్కలున్నయి, నేను ఒక్కటి కూడ తిప్పి చూడలే అని. అంతకుముందు పెట్టిన బొంతల చూసిన్నో లేదో అది కూడ తెల్వలే. లేచి విప్పుదామనుకున్న. చాయ చల్లారిపోయేదాక కూసోనే ఉన్న, చేయి రాలే. ఆయన పోయిన దినం ఎప్పుడంటే తిథితో సహా చెప్త. ఆయన్ని వెతుకుడు ఆగిన దినం మాత్రం నాకు చెప్పకుంటనే వచ్చి పోయింది.