పెనానికి దూరంగా సత్తియ్య

మునగపాక చెరకు తోటల్లో బెల్లం వండే సత్తియ్యకి, 2005లో గానుగాడే రోజుల్లో ఒక వెలుగు కనిపించడం మొదలైంది. బెల్లం పెనంలో పొంగుతున్న నురుగు ఉన్నట్టుండి తెల్లటి పువ్వులా విచ్చుకునేది. దాని నడుమ నుంచి, చిన్నప్పుడెప్పుడో విన్న గొంతు ఒకటి పిలిచేది. సత్తియ్య అటు తల తిప్పి నవ్వేవాడు. ఆ తరవాత ఏం జరిగేదో అతనికి తెలియదు.

చూసినవాళ్లకి తెలుసు. మొదటిసారి చెయ్యి టపటపా కొట్టుకుంది. రెండోసారి మనిషే విరుచుకుపడ్డాడు. బావమరిది పైడిరాజు చొక్కా పట్టుకు లాగకపోతే ఉడుకుతున్న పాకంలో పడేవాడు.

ఊరు మాత్రం ఆ నవ్వొక్కటే చూసింది. అమ్మవారు పూనిందన్నారు. పసుపునీళ్లు పోసి చేతికి వేపమండ ఇచ్చారు. నాలుక కరుచుకుని, నెత్తురు ఉమ్ముతూ లేచినవాడి ముందు పక్కింటావిడ చిన్నమ్మలు చేతులు జోడించింది.

"అమ్మా, మా గేదె దొరుకుతాదా?"

"ముందు నాకు మంచినీళ్లు దొరుకుతాయేటి?" అన్నాడు సత్తియ్య.

అదీ అమ్మవారి మాటేనని అందరూ దండం పెట్టారు.

మూడోసారి పడ్డప్పుడు పైడిరాజు ఎవర్నీ అడగలేదు. బావని, అక్క మరిడమ్మని ఆటో ఎక్కించి, అనకాపల్లిలో బస్సులోకి మార్చి విశాఖపట్నం తీసుకుపోయాడు. స్కానింగులో, మెదడు మీద చిన్న ఉంగరం, దాని నడుమ ఒక చుక్క కనబడ్డాయి. పందిమాంసంతో వచ్చే టేపు పురుగు పిల్ల అన్నాడు డాక్టరు.

మరిడమ్మ గయ్యిమంది. "పందిమాంసం మా గడప తొక్కలేదు సారూ!"

"తిన్నవాడి కడుపులో పురుగు పెరుగుతుందమ్మా. దాని గుడ్లు వాడి మలంలో పడతాయి. ఆ చేతుల నుంచి, ఆ నీళ్ల నుంచి ఎవరి నోట్లోకైనా పోతాయి."

తెల్లారితే ఊరంతా చెంబులతో ఏ తోటల్లోకి పోతుందో ముగ్గురికీ తెలుసు. ఆ తోటల కాలవ నీళ్లలోనే సత్తియ్య పాకం చుక్క వేసి, ఉండ కట్టి, నోట్లో వేసుకుని చూస్తాడు. పాకం కుదిరిందో లేదో తేల్చడానికి అతను నేర్చిన పద్ధతి అదే. అమ్మవారు పూనిందంటే గొప్పగా చెప్పుకోవచ్చు. ఇది ఎవరితో చెప్పుకుంటారు?

"ఎన్నేళ్లుగానో ఉండి ఉంటుంది," అన్నాడు డాక్టరు. "బతికున్నన్నాళ్లూ ఒంటికి తన జాడ తెలియనివ్వదు. ఇప్పుడు చస్తోంది. ఒళ్లు దాన్ని గుర్తుపట్టేసరికి చుట్టూ మెదడు వాస్తోంది. ఆ వాపే నీ మూర్ఛ."

మాత్రల మత్తులో నులకమంచం మీద పడుకుని సత్తియ్య దాన్నే తలచుకునేవాడు. కంటికి ఆనని గుడ్డు పేగు దాటి, నెత్తుటి వాగులో తేలుతూ పైకి, పైకి వచ్చింది. నీటిబుడగ కట్టుకుని అందులో తల ముడుచుకుంది. సత్తియ్య పెళ్లి బాజాలు విందేమో. మళ్లీ ఒక మనిషి తింటే తప్ప అది పెద్ద పురుగు కాలేదట. సత్తియ్యని ఎవరు తింటారు? దారి తప్పి వచ్చి, రాని నోటి కోసం చీకట్లో కాచుకుని కాచుకుని ముసలిదైపోయింది. అతనికి జాలేసేది. మూర్ఛలు ఆగాక ఆ తెల్లపువ్వూ, ఆ పిలుపూ రాలేదు. వాటి కోసం ఒక్కోసారి చెవి ఒగ్గేవాడు కూడా.

కానీ అతనికి కావలసింది పెనం. ఆ ఒక్క పనే అతనికి వచ్చు. ఏడాది తిరిగాక మళ్లీ స్కానింగు తీశారు. ఉంగరం పోయి తెల్లటి సున్నపు గింజ మిగిలింది.

"ఇది ఇలాగే ఉండిపోవచ్చు. ఒక్కోసారి ఇదీ మూర్ఛ తెప్పిస్తుంది. మాత్రలు మానకు. నిప్పు దగ్గరికి పోకు."

"పెనం దగ్గరికి?"

"అది నిప్పు కాదా?"

గానుగ మళ్లీ మొదలైంది. పైడిరాజు తెడ్డు పట్టాడు. సత్తియ్యని దూరంగా చెరకుపిప్పి కుప్ప మీద కూర్చోబెట్టి, "బావా, దిగేవంటే అక్కని పిలుత్తాను," అన్నాడు.

ఆవిరి ఇటు వీచింది. సత్తియ్య ముక్కు ఎగబీల్చాడు. పాకం ముదిరిపోతోంది.

"దించరా!"

గానుగ ఇంజను మోతలో పైడిరాజుకి వినపడలేదు. సత్తియ్య కాలు కుప్ప దిగింది. ఇంకో నాలుగు అంగలు వేస్తే పెనం. అక్కడే ఆగాడు. వంగి, చెరకు ముక్క ఒకటి తీసి, గురి చూసి పైడిరాజు వీపు మీదికి విసిరాడు.

"ఓలమ్మా! పిచ్చెక్కిందేటి బావా?"

"దించరా ఎదవా, మాడిపోతంది!"

పైడిరాజు వీపు రుద్దుకుంటూనే పెనం దింపించాడు. సత్తియ్య మళ్లీ కుప్పెక్కి, తర్వాతి పెనానికి నాలుగు ముక్కలు ఏరి పక్కన పెట్టుకున్నాడు.