హోటలు గోడ మీది పరిశోధన పత్రిక

ఎనభైల చివర్లో నేను కొత్తకోటలో ఒక దినపత్రికకు విలేకరిని. మా పక్కింట్లో ఉండే రిటైరైన చరిత్ర సారు, పాలమూరు శాసనాల మీద, పాత చెరువుల మీద ఏడాదికి రెండుసార్లు ఒక పరిశోధన పత్రిక వేసేవారు. ప్రూఫులు నేను దిద్దేవాణ్ని. చందాదారులకు తప్ప ఇంకొకరికి ప్రతి ఇచ్చేవారు కాదు. ఆ చందాదారులేమో ఏటా తగ్గుతున్నారు. ఇంకొక్క సంచికతో పత్రిక ఆగిపోతుందని సారు బెంగ.

బస్టాండు ఎదుటి హోటల్లో ఒక పొద్దున సారూ నేనూ చాయ్‌కి కూర్చున్నప్పుడు ఆ మాట వచ్చింది. మేమంతా చిచ్చా అని పిలిచే హోటలు యజమాని, మా పేపరును రోజూ గోడకు అంటించేవాడు. చాయ్ వడపోస్తూనే అన్నాడు:

"సార్, గీ పుస్తకాన్ని గూడ గోడకెక్కిద్దాం. జర మందికి కనవడనియ్యుండ్రి."

"అందరికీ ఉత్తగ దొరికితే చందా ఎవరు కడ్తరు చిచ్చా?"

"దాసిపెడ్తె ఎందరు కడ్తున్నరు సార్?"

సారు నవ్వలేక నవ్వి ఒక ప్రతి ఇచ్చారు. కుట్లు విప్పి, మైదా గంజితో పేజీలన్నీ నేనే అంటించాను. ఇన్నేళ్లు అచ్చు పని చూసినవాణ్ని, కాగితానికి వెనకవైపు కూడా ఉంటుందని తట్టనే లేదు.

మర్నాడు ఒక రైతు గోడ ముందే మమ్మల్ని పట్టుకున్నాడు. "మూడో పేజీ ఎన్క ఐదోది ఉన్నది. నాలుగోది గోడ మింగిందా?"

సారు ఇంకో ప్రతి విప్పక తప్పలేదు.

రైతు నిలబడే ఆ పేజీల్లోని వ్యాసం చివరిదాకా చదివాడు. హైదరాబాదు ప్రొఫెసర్ ఒకాయన రాసింది. శాసనంలో చెప్పిన పాత కాలువ ఆనవాలు ఎక్కడా దొరకలేదని ముగించాడు.

"దొరకకపోవుడేంది సార్? గా కాల్వ మా పెసర చేను పొంటే ఉన్నది. పూడింది గని, వాన పడితె నీళ్లు గిప్పటికీ గా దారినే పోతయి. గీ సారు మమ్ముల అడిగిండా?"

"అడగలే. నువ్వు జూపిస్తవా?" అన్నారు సారు.

ఆదివారం ముగ్గురం వెళ్లాం. కాలువ రాతి కట్టు అక్కడక్కడ పైకే కనిపిస్తోంది. తర్వాతి సంచికలో రైతు చెప్పింది చెప్పినట్టే వేశాం.

డబ్బు కట్టి చదివేది గోడకెక్కిస్తారా అని ఇద్దరు చందా మానేశారు. ప్రొఫెసర్‌కు మాత్రం కోపం రాలేదు. వచ్చి కాలువ చూసుకుపోయి, కొత్త వ్యాసం పంపుతూ ముందు హోటలు గోడ మీద వేయండి, ఆ తర్వాతే అచ్చుకివ్వండి అని రాశాడు. చాయ్ తాగడానికి వచ్చేవాళ్లు తమ ఊళ్ల రాళ్ల సంగతులు రాసి తెచ్చారు. వాళ్లలో కొందరు చందాదారులూ అయ్యారు.

పత్రిక ఆగలేదు. ఆ పై సంచికప్పుడు ప్రెస్సులో సారు ముందుగానే చెప్పారు:

"గోడ కోసం ఒక ప్రతి ఒక్క దిక్కే అచ్చెయ్యుండ్రి. పెసర చేనాయనతోని మల్ల మాట పడను."