అక్క కడుపులోని బల్ల

మా అక్క మొన్న బుధవారం పొద్దున కన్నుమూసింది. రక్త క్యాన్సర్‌తో కాదు. ఆ జబ్బు పేరు తెలిశాక ఏళ్లకేళ్లు బతికి, వయసు మీదపడి, గుండె ఆగి పోయింది. ఈ మాట అన్నిటికంటే ముందు రాయమన్నాను. నాకు చదువు రాదు, చెబుతుంటే మనుమరాలు రాస్తోంది.

సాయుధ పోరాటం రోజుల్లో అక్క చిన్నపిల్ల. రఘునాథపల్లి దగ్గర మా ఊరి నుంచి గడ్డిమోపులో రొట్టెలు దాచి దళానికి చేరవేసేది. పోలీసులు పట్టుకుని వాతలు పెట్టినా నోరు విప్పలేదు. తర్వాత భూపాలపల్లి అడవుల్లో తలదాచుకుని చలిజ్వరంతో మంచం పట్టింది. అందుకే ముసలితనంలో ఎడమ డొక్క కింద బల్ల, డాక్టర్లు ప్లీహం అనేది, గడ్డలా పెరిగితే, అది ఆ జ్వరం మిగిల్చిందేనని ఊరంతా నమ్మింది. అక్కా నమ్మింది. సభలకు పిలిస్తే డొక్క తట్టుకుంటూ, "గిది అడివి నాకిచ్చిన ఇనాం" అని నవ్వేది.

ఆ ఇనామే ఆమెను తినసాగింది. రెండు ముద్దలకే కడుపు నిండేది. మనిషి ఎండిపోయింది. బల్లకు వాతలు పెట్టించడం మా దగ్గర అలవాటు. ఇంట్లోవాళ్లు వాతలు పెట్టేవాణ్ని పిలిచారు.

"పోలీసోళ్లు పెట్టినయే ఉన్నయి, ఇంక జాగ లేదు, పో!" అని అక్క తరిమేసింది. "నడువే చెల్లె, నెత్తురు సూపిచ్చుకుందాం."

మొదట చూసిన డాక్టరు, "ఈ వయసులో పరీక్షలెందుకమ్మా?" అన్నాడు.

"వయసు నాది సారూ. రోగం పేరు చెప్పుడు నీ పని."

రక్తంలో తెల్లకణాలు విపరీతంగా పెరిగాయని తేలింది. పెద్ద దవాఖానలో ఎముక మూలుగ కూడా తీసి చూసి, నెమ్మదిగా ముదిరే రక్త క్యాన్సర్ అన్నారు.

"చాలామందికి వేరే పనిమీద చేసిన పరీక్షలో బయటపడుతుంది. పరీక్షలు జరగని ఊళ్లలో లేదనుకుంటాం" అంది డాక్టరమ్మ.

"గట్లయితే మావోళ్లు దేశం లెక్కల లేనట్టేనా?" అక్క గయ్యిమంది.

డాక్టరమ్మ ఇచ్చిన మాత్ర రోజూ అన్నం తిన్నాక చెంబెడు నీళ్లతో వేసుకుంది. బల్ల కరిగింది. మళ్లీ రొట్టెలు తిన్నది, మళ్లీ మమ్మల్ని తిట్టింది. ఆ తిట్లు వింటే ప్రాణం లేచొచ్చేది. వాడలో ఎవరి డొక్క ఉబ్బినా వాతలు పెట్టనీయక జనగామ దవాఖానకు తోలేది. చాలామందికి వేరే రోగాలే తేలాయి. మానుకోట నుంచి కోడలిగా వచ్చిన ఒకామెకు మాత్రం అక్కకున్న రోగమే తేలింది.

దహనమైన మర్నాడు ఆశా కార్యకర్త వచ్చింది. "అవ్వా, క్యాన్సర్‌తోని పోయిందని రాయాల్నా?"

"రోగం ఉండెనని రాయి. దాంతోని పోలేదని గూడ రాయి. రెండూ రాసేదాక నిన్ను గడప దాటనియ్య" అన్నాను.

రాసింది. అంతసేపూ మా అరుగు మీద కూర్చున్న మానుకోట కోడలు, అన్నం తినడం ముగించి, కొంగు ముడి విప్పి, అక్క వేసుకున్నలాంటి మాత్రే తీసి నోట్లో వేసుకుంది. చెంబు ఎత్తి గటగటా తాగింది.