డ్యూటీ బట్టల మీద పడ్డ నింద

పోయిన ఆదివారం, చర్చిలో ఆరాధన జరిగే వేళకు మా వదిన కన్నుమూసింది. సమాధుల తోట నుంచి తిరిగి వస్తుంటే ఒకరు టీబీ అన్నారు, ఒకరు బొగ్గు దుమ్ము అన్నారు. ముందు నడుస్తున్న మా అన్న తల దించుకున్నాడు. నలుగురిలో మాట్లాడే అలవాటు నాకు లేదు. అందుకే మన ఇంటివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

గోదావరిఖనిలో దగ్గంటే గనికి పోయే మగవాళ్లదే అనుకుంటాం. వదిన ఎన్నడూ గని దిగలేదు. గనిలో పనిచేసే అన్న డ్యూటీ బట్టలు మాత్రం రోజూ ఆమే వాకిట్లో దులిపి ఉతికేది. ఆమెకు దగ్గు మొదలవగానే అన్న నేరం తన మీద వేసుకున్నాడు. షిఫ్టు దిగి వచ్చి, తన బట్టలు తానే నల్లా దగ్గర ఉతుక్కునేవాడు. పక్క క్వార్టర్ల వాళ్లు నవ్వినా మానలేదు.

మొదట టీబీ అన్నారు. వదిన తన కంచం, గ్లాసు తానే వేరు పెట్టుకుంది. నెలల తరబడి మందులు మింగినా మెడ దగ్గర గడ్డలు కరగలేదు. చివరికి హైదరాబాద్ దవాఖానలో గడ్డ ముక్క తీసి పరీక్షించి సార్కాయిడోసిస్ అన్నారు. ఒంటిని కాపాడే శక్తే దారి తప్పి ఊపిరితిత్తుల్లో, లింఫు గ్రంథుల్లో వాపు తెస్తుందట. అంటుకోదు. చాలామందికి తగ్గుతుంది, కొందరికి ఊపిరితిత్తులు గట్టిపడతాయి. ఎందుకొస్తుందో ఇంకా ఎవరికీ సరిగా తెలియదని డాక్టరు చెప్పాడు.

ఇంటికి రాగానే వదిన తన కంచాన్ని అందరి కంచాల్లో కలిపేసింది. స్టెరాయిడ్ మాత్రలకు ముఖం ఉబ్బితే, "డ్యూటీ చేసేది నువ్వు, బలిసేది నేను" అని అన్నను ఆటపట్టించేది. ఆయన నవ్వేవాడు కాదు.

ఊపిరితిత్తులు గట్టిపడి ఇక తగ్గదని తెలిశాక ఆమెకు ఒక్కటే కోరిక మిగిలింది: అన్న ఆ నేరాన్ని తన మీద నుంచి దించుకోవాలి. ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతోనే ఆయనకు నచ్చజెప్పేది.

"నీ బట్టలతోని కాదయ్యా. డాక్టర్ చెప్పిండు గద."

"తెల్వదన్నడు. కాదనలే."

ఆ మాట అని ఆయన బయటికి వెళ్లాక, వదిన పక్కనే ఉన్న నా చెయ్యి పట్టుకుని, "నా పానం పోతే పోనీ. ఆయన గిట్లనే బతుకుతడా?" అని అడిగింది. దేవుడున్నాడు వదినా అన్నాను. అంతకన్నా నాకేం తెలుసు.

ఇందాక కుటుంబ ప్రార్థనలో అన్న పెద్దగా అన్నాడు: "నా దుమ్మే ఆమెను తిన్నది. మన్నించు తండ్రీ." అందరూ ఆమేన్ అన్నారు. నాకు నోరు రాలేదు.

ఈ కాగితాలు దాచండి. అన్నకు చూపించకండి. ఆ జబ్బు ఎందుకొస్తుందో ఎవరికీ తెలియదన్న మాట ఇందులోనూ ఉంది, ఆయన దాన్నే పట్టుకుంటాడు. ప్రార్థన అయ్యాక అందరం లేచి వచ్చేశాం. ముందు గదిలో ఆయన ఇంకా మోకాళ్ల మీదే ఉన్నాడు.