సూరయ్యని ‘చెప్పు’ అన్న రోజు

1967 వేసవి. గరివిడికి పది మైళ్ళ లోపున ఉన్న ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో నేను స్టాఫ్ నర్సుని. ముప్పై మంచాలు, ఇద్దరు డాక్టర్లు: పెద్ద డాక్టరుగారు, డాక్టరమ్మ. చుట్టుపక్కలన్నీ మాంగనీసు గనులు. విరిగిన కాళ్ళు, ఆగని దగ్గులు, కాన్పులు, వీటితోనే మాకు పొద్దు గడిచిపోయేది. తాగుడు మాన్పించడానికి కూడా వైద్యం ఉంటుందని మాలో ఎవరికీ తెలియదు. మద్యనిషేధం అప్పటికింకా అమల్లోనే ఉన్నా, కూలీల పేటలో సారాకి కొదవ ఉండేది కాదు.

సూరయ్యని అతని భార్య పైడమ్మ ఎడ్లబండి మీద తీసుకొచ్చింది. ముప్పై అయిదేళ్ళ మనిషి. కడుపునొప్పితో మూడురోజులు సారా ముట్టుకోలేదట. ఒళ్ళంతా వణుకు. గోడమీద లేని పురుగుల్ని వేళ్ళతో ఏరుతున్నాడు. దీన్ని మేము డి.టి. అంటాం. ఏళ్ళ తరబడి తాగినవాడికి సారా ఒక్కసారిగా ఆగిపోతే వచ్చే భ్రాంతి. నిద్రపట్టడానికి పారల్డిహైడ్ ఇంజక్షన్లు ఇచ్చాం, గ్లూకోజు ఎక్కించాం. అయిదో రోజుకి భార్యని గుర్తుపట్టి, గంజి తాగాడు.

నేను డిశ్చార్జి కాగితం పట్టుకెళ్తే డాక్టరమ్మ సంతకం పెట్టలేదు.

“ఒంట్లోంచి సారా పోయింది సిస్టర్. సారా ఎందుకు కావలసివచ్చిందో అది ఇంకా లోపలే ఉంది” అన్నారు.

ఆవిడది తమిళదేశం. మానసిక వైద్యం కొంత చదువుకుని ఆ ఏడే మా దగ్గరికి వచ్చారు. సైకోథెరపీ అన్న మాట నేను మొదట విన్నది ఆవిడ నోటనే. మందు లేకుండా, రోగి చేత మాట్లాడించి చేసే వైద్యమని చెప్పారు. ఆవిడకి తెలుగు వచ్చు గాని మా వైపు మాట సరిగా అందేది కాదు. అందుకని నన్ను కూడా కూర్చోమన్నారు. దుప్పట్లు దాచే గదిలో మూడు స్టూళ్ళు వేసుకుని రోజూ పదకొండు గంటలకి కూర్చునేవాళ్ళం.

మొదటి వారం సూరయ్య ఏమీ చెప్పలేదు. “ఇంటికెప్పుడు పంపుతారు?” అని అడిగేవాడు. లేకపోతే తలొంచుకుని కూర్చునేవాడు. డాక్టరమ్మ కూడా ఊరికే కూర్చునేవారు. వార్డులో అంత పని పెట్టుకుని ఇదేం వైద్యమని నాకు లోపల విసుగ్గా ఉండేది.

రెండో వారంలో డాక్టరమ్మకి టెలిగ్రాం వచ్చింది. తల్లికి ప్రాణం మీదికి వచ్చింది. బయలుదేరేముందు నన్ను పిలిచి, “నేను వచ్చేదాకా రోజూ అదే వేళకి అతనితో కూర్చోండి. ఏం చెప్పినా వినండి. సలహా మాత్రం ఇవ్వకండి” అన్నారు. సరేనన్నాను.

ఆవిడ వెళ్ళిన నాలుగో రోజు సూరయ్య నోరు విప్పాడు.

అతను గనిలో మందు పేల్చే పనివాడు. రాతిలో కన్నాలు తొలిచి, మందు కూరి, వత్తి అంటించి, దూరంగా పోయి పేలుళ్ళు లెక్కపెట్టాలి. ఒక్కటి పేలకపోయినా దాన్ని మిస్‌ఫైర్ అంటారు. అలాంటప్పుడు చాలాసేపు ఎవర్నీ దగ్గరికి పోనివ్వకూడదు. అతని కిందే పైడమ్మ తమ్ముడు సింహాచలం పనిచేసేవాడు. పెళ్ళయి ఏడాది తిరగని మనిషి. రెండేళ్ళ కిందట పేలుడులో పోయాడు.

“ఎనిమిది పెట్టినాను సిస్టరమ్మా. ఏడు పేలినాయి. ఎనిమిదోది కూడా పేలినాదనుకున్నాను” అన్నాడు సూరయ్య. తల అడ్డంగా ఊపాడు. “కాదు, అబద్ధం. అనుకోనేదు. నాకు అనుమానం ఉన్నాది. మేస్త్రీ తొందరపెడతన్నాడు. ‘ఎల్లరా’ అన్నాను. ‘అన్నీ పేలినాయా బావా?’ అని అడిగినాడు సింహాచలం. ‘పేలినాయి, ఎల్లు’ అన్నాను.”

“గనివాళ్ళు విచారణ చేసినప్పుడు ఏం చెప్పావు?” అన్నాను.

“నా మాట ఇనకుండా ఎల్లిపోనాడని సెప్పినాను. సచ్చినోడు మాటాడడు కదా. మా మావ కూడా అదే నమ్మినాడు. పైడయితే, ‘మా తమ్ముడికి ముందునుంచీ తొందరెక్కువ’ అని ఏడుస్తాది. అది ఆ మాట అన్నప్పుడల్లా నాకు సారా కావాల.”

ఆ రోజు అతను కడుపునిండా తిన్నాడు. తరువాత వారం రోజుల్లో చేతుల వణుకు తగ్గింది, నిద్ర పట్టింది. నాకు మాత్రం నిద్ర కరువైంది. ఎందుకంటే అతను ప్రతిరోజూ అదే చెప్పేవాడు. ఒక్కోరోజు ఒక్కో కొత్త సంగతి కలిసేది. సింహాచలం ఏ రంగు తలగుడ్డ కట్టుకున్నాడో, వెళ్తూ వెళ్తూ ఎలా నవ్వాడో. పదకొండవుతోందంటే నా కాళ్ళు ఆ గదివైపు నడిచేవి కావు. ఇంత పెద్ద సంగతి ఆ ఆసుపత్రిలో నాకొక్కదానికే తెలుసు.

నోరు విప్పిన పదో రోజున సూరయ్య అడిగాడు. “పైడికి సెప్పీమంటారా సిస్టరమ్మా?”

డాక్టరమ్మ మాట గుర్తుంది. గుర్తుండే అన్నాను, “చెప్పేయి సూరయ్యా. నిజం చెప్పినవాడికి దేవుడు తోడుంటాడు. నీ మనసు తేలికపడుతుంది.”

ఆ మధ్యాహ్నమే పైడమ్మ గంజి పట్టుకొచ్చింది. వరండాలో బల్లమీద కూర్చుని చెప్పాడు. నేను వార్డు గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఆమె ఏడవలేదు. అంతా విని ఒక్కటే అడిగింది.

“ఆడు నిన్ను అడిగినాడా? అన్నీ పేలినాయా అని అడిగినాడా?”

“అడిగినాడు.”

గంజి గిన్నె అక్కడే వదిలేసి లేచింది. మెట్ల దగ్గర నేను ఎదురుపడి ఏదో అనబోయాను. నా ముఖంలోకి చూసి చెప్పింది.

“తాగొచ్చి కొట్టినా కాపరం సేసినాను సిస్టరమ్మా. ఇప్పుడు ఈ మనిషి ముఖమెలాగ సూడను? నా తమ్ముడే తప్పు సేసినాడని నా నోటితో నానే అన్నాను, రెండేళ్ళు.”

ఇద్దరు ఆడపిల్లల్నీ తీసుకుని రాజాం దగ్గరున్న పుట్టింటికి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్న సూరయ్య మంచం ఖాళీగా ఉంది. పేటకి మనిషిని పంపాను. అతను అప్పటికే తాగి పడి ఉన్నాడని కబురొచ్చింది.

పన్నెండు రోజుల తరువాత గని కూలీలు మోసుకొచ్చారు. నెత్తురు కక్కుకుంటున్నాడు. పెద్ద డాక్టరుగారు చేతనైనంతా చేశారు. తెలివి వచ్చినప్పుడు సూరయ్య నన్ను చూసి, “డాక్టరమ్మ వచ్చినారా?” అని అడిగాడు. రాలేదన్నాను. కళ్ళు మూసుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ సాయంత్రమే పోయాడు.

శవాన్ని తీసుకుపోవడానికి పైడమ్మ రాలేదు, ఆమె తండ్రి వచ్చాడు. కొడుకుని పోగొట్టుకున్న ముసలాయన. కాగితం మీద వేలిముద్ర వేసి, సిరా అంటిన బొటనవేలిని పంచెకి తుడుచుకుంటూ చాలాసేపు అలాగే కూర్చున్నాడు.

నాలుగు రోజులకి డాక్టరమ్మ తిరిగొచ్చారు. తల్లి పోయింది. అయినా ముందు సూరయ్య సంగతే అడిగారు. అంతా చెప్పాను. తిడతారనుకున్నాను.

“చెప్పమన్నది అతని కోసమేనా?” అని అడిగారు.

అవునని నోటిదాకా వచ్చింది. అనలేకపోయాను. “ఒక్కదాన్నే వినలేకపోయానండీ. ఇంకెవరైనా వింటే చాలుననిపించింది” అన్నాను.

ఆవిడ నన్ను ఓదార్చలేదు. “మిమ్మల్ని ఒంటరిగా వదిలి వెళ్ళడం నా తప్పు” అని మాత్రం అన్నారు.

ఆ తరువాత చాలా ఏళ్ళు పనిచేశాను. తాగుడు మానాలని వచ్చిన ఎందరి పక్కనో కూర్చున్నాను. కొందరు మానారు, ఎక్కువమంది మానలేదు. సలహా ఇవ్వబోయిన ప్రతిసారీ, ఇది వాళ్ళ బరువు దించడానికా, నా బరువు దించుకోవడానికా అని చూసుకున్నాకే నోరు తెరిచాను. సూరయ్య వల్ల నేను నేర్చుకున్నది ఇదే. నేర్చుకున్నందువల్ల పైడమ్మకి గాని, ఆ ఇద్దరు పిల్లలకి గాని ఒరిగింది ఏమీ లేదు.