జాలీకి వేసిన టేపు

చోడవరంలో ట్రాక్టర్ బ్యాటరీల్లో డిస్టిల్డ్ వాటర్ పోసుకుంటూ ఇరవై ఏళ్లు గడిపినవాణ్ణి. బ్యాటరీ గురించి నాకు తెలియనిదేముందిలే అనే పొగరు బాగానే ఉండేది. ఇంట్లోవాళ్లూ అలాగే నమ్మేవారు. అందుకే మా చెల్లెలి భర్త, అద్దెకు తిప్పుకోవడానికి పాత హైబ్రిడ్ కారు కొనాలనుకున్నప్పుడు తిన్నగా నా కొట్టుకే వచ్చాడు. రెండు బండ్లు చూసి వచ్చాడు. ఒకదాంట్లో నికెల్ బ్యాటరీ, ఇంకోదాంట్లో లిథియం.

"ఏది తీసుకోమంటావు బావా?"

"లిథియం తేలికే, చార్జింగూ ఎక్కువే పడతాది. గానీ ఫోన్లు ఉబ్బిపోడం సూడ్లేదేటి? నికెల్ బరువైనా మొండిది. అదే తీసుకో," అన్నాను.

హైబ్రిడ్ కారు లోపల ఎలా ఉంటుందో అప్పటికి నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఆ మాట మాత్రం చెప్పలేదు.

నికెల్ బండే కొన్నాడు. మాడుగుల నుంచి విశాఖ ఆసుపత్రులకు రోగుల్ని తీసుకెళ్లేవాడు. చెరుకు బళ్లు తిరిగే రోజుల్లో రోడ్డంతా దుమ్ము. బ్యాటరీ ఉండే వెనక సీటు పక్కన చిన్న జాలీ ఒకటి నా కంటబడింది. బ్యాటరీ మీద దుమ్ము పడకూడదన్నది నా కొట్టులో మొదటి పాఠం. టేపు తెచ్చి నా చేత్తోనే జాలీ మూసేశాను. "ఇంక నీకు దిగుల్లేదు," అని భుజం కూడా తట్టాను.

ఎండాకాలం సగం గడవకముందే బ్యాటరీ పోయింది. ఇద్దరం విశాఖ తీసుకెళ్తే, మెకానిక్కు టేపు పీకి చేత్తో పట్టుకున్నాడు. ఆ జాలీలోంచి పోయే గాలే బ్యాటరీని చల్లబరుస్తుందట. నికెలైనా లిథియమైనా వేడెక్కితే బతకదట.

"ఎవుడు మూసేడయ్యా దీన్ని?"

నేనేనని ఒప్పుకోడానికి పరువు అడ్డొచ్చింది.

"నేనే సార్. దుమ్ము పడతందని మూసేను," అన్నాడు మా చెల్లెలి భర్త. మెకానిక్కు అతన్ని నానా మాటలూ అన్నాడు. పక్కనే నిలబడి విన్నాను. తిరిగొచ్చే దారిలోనూ నేను ఆ ఊసెత్తలేదు.

కొత్త బ్యాటరీ వేయించే తాహతు లేక బండిని వచ్చినకాడికి అమ్మేశాడు. ఇప్పుడు వేరేవాళ్ల కారుకు డ్రైవరు. మా చెల్లెలు ఇప్పటికీ అతన్ని దెప్పుతూనే ఉంది. "మా అన్నయ్యని ఒక్క మాటడిగుంటే ఆ జాలీ ముయ్యనిచ్చేవోడా?" అంటుంది, అతని పక్కనే కూర్చున్న నాకు అన్నం వడ్డిస్తూ. అతను తల ఎత్తి ఒక్కసారి నావైపు చూసినా నిజం చెప్పేస్తాననుకుంటాను. అతను చూడడు.